చేతికందే నక్షా



ఈసారి రాస్తున్నది ఒక పలక గురించి. పెద్ద నోట్‌బుక్కు తెరిచి పరిస్తే ఎంత ఉంటుందో సుమారుగా అంత ఉంటుంది. దాని మీద గోడలు ఉబ్బెత్తు గీతలుగా ఉంటాయి. దర్వాజా ఉన్నచోట గీత తెగి ఖాళీ ఉంటుంది. మెట్లు పక్కపక్కనే పేర్చిన గీతలుగా, లిఫ్టు ఒక గుర్తుగా, బాత్రూం ఇంకో గుర్తుగా వేళ్ళకు తగులుతాయి. చూపు లేనివాళ్ళు రెండు చేతులతో దాన్ని తడిమి, ఆ బిల్డింగ్ లోపల ఏది ఎక్కడుందో తెలుసుకుంటారు. ఇంగ్లీషులో దీన్ని టాక్టైల్ మ్యాప్ అంటారు. మనం చేతి నక్షా అందాం.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ఆస్పత్రి, కాలేజీ, సర్కారీ దఫ్తర్, ఫంక్షన్ హాల్, మస్జిద్ - నలుగురూ వచ్చిపోయే ప్రతి ఇమారత్ దర్వాజా దగ్గర ఈ నక్షా ఉండాలి. ఎవరో దిల్‌దార్ ఆద్మీ దయతలచి పెట్టించే సామాను లెక్కలో కాదు, మెట్లకు రెయిలింగు ఎట్లా ఉంటుందో అట్లా ఉండాలి. సర్కారు చేయాల్సిన చోట సర్కారును అడగాలి. మనం చేయాల్సిన చోట మనమే చేయాలి.

"మా ఇంట్లో నాబీనా ఎవరూ లేరు భాయ్" అంటారా? ఇవాళ లేరు. షుగర్ లేని దస్తర్‌ఖాన్ మన మొహల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి. షుగర్ ముదిరితే కంటి వెనక పొరను తింటుంది. కాలా మోతియా, అంటే నీటికాసులు, చప్పుడు చేయకుండా వచ్చి పక్క చూపును ముందు లాక్కుంటుంది. పోయిన ఆ చూపు మళ్ళీ రాదు. 2011 జనాభా లెక్కల్లో చూపు ఇబ్బంది ఉన్నవాళ్ళు మన దేశంలో 50 లక్షల పైన తేలారు. వీళ్ళంతా పుట్టుకతో చూపు లేనివాళ్ళు కారు. కొందరు యాభై ఏళ్ళు మనలాగే చూసి, ఆ తర్వాత చీకట్లో పడ్డవాళ్ళు.

మా ఖానదాన్‌లో ఇద్దరున్నారు. ఒకరు మా ఖాలా కూతురు. చిన్నప్పటి నుంచే చూపు లేదు. బ్రెయిలీ చదువుతుంది, డిగ్రీ చేసింది, పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఇంకొకరు మా మామూ. యాభై దాటాక కాలా మోతియాతో చూపు పోయింది. బ్రెయిలీ రాదు, ఇప్పుడు నేర్చుకునే ఓపికా లేదు.

చెల్లి ఒకసారి నాతో అన్న మాట ఇది: "హాత్ పకడ్‌నే వాలే బహుత్ హై భయ్యా, రస్తా బోల్‌నే వాలేచ్ నై." చెయ్యి పట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, దారి చెప్పేవాళ్ళే లేరు అని. మొదట విన్నప్పుడు రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినప్పుడు ఆమె సామాను అవుతుంది. ఒకచోట ఎత్తి ఇంకోచోట పెడతారు. తనను ఎటునుంచి ఎటు తిప్పారో తెలియదు. ఆ చెయ్యి వదిలేస్తే ఉన్నచోటే నిలబడిపోవాలి. దారి తెలిస్తే ఆమె మనిషిగా నడుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. పెద్ద ఆస్పత్రికో, దఫ్తర్‌కో పోవాల్సిన రోజు పొద్దుటి నుంచి నీళ్ళు తాగదట. తాగితే బాత్రూం అవసరం పడుతుంది. అవసరం పడితే ఎవరినో అడగాలి. పక్కనున్నది ఆడమనిషో మగమనిషో గొంతు విప్పేదాకా తెలియదు. ఒక ఔరత్, ముక్కూ మొహం తెలియని మగవాణ్ణి బాత్రూం ఎక్కడని అడగడం, అతను భుజం పట్టి నడిపించడం - ఇందులో ఎంత శర్మిందగీ ఉందో మన ఇళ్ళలోని ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. గుమ్మం పక్కన ఒక పలక ఉంటే ఈ ముసీబత్ సగం తగ్గుతుంది. నీళ్ళు తాగాలా వద్దా అని లెక్కలు వేసుకోవాల్సిన గతి ఇంకెవరికి ఉంటుంది చెప్పండి?

మన దావతుల్లో దీనికి ఇంకో పేచీ ఉంది. మర్దానా ఒకవైపు, జనానా ఒకవైపు. చూపు లేని నానీని రోజూ నడిపించేది కొడుకో మనవడో అయితే, జనానా పర్దా దగ్గర వాడు ఆగిపోవాలి. అక్కణ్ణుంచి ఆమె ఎవరి దయ మీద ఉండాలి? చూపు లేని భర్తకు భార్యే కళ్ళు అయినచోట, మస్జిద్ గేటు దగ్గర ఆమె ఆగిపోవాలి. లోపల వుజూఖానా ఎటు, సఫ్ ఎటు? మనం ఇంత తహజీబ్‌గా రెండు భాగాలు చేసుకున్నాం గానీ, ఆ గీత దగ్గర ఒక మనిషి ఒంటరి అయిపోతున్నాడని ఆలోచించలేదు.

మామూ కథ వేరే. చూపు పోయాక కూడా ఆయన ఐదు పూటలూ మస్జిద్‌కు పోయేవారు. ముప్పై నలభై ఏళ్ళు నడిచిన చోటు. గేటు నుంచి హౌజ్‌కు ఎన్ని అడుగులో, హౌజ్ నుంచి దాలాన్‌కు ఎన్ని మెట్లో పాదాలకు తెలుసు. ఆ తర్వాత మస్జిద్‌ను కొత్తగా తామీర్ చేశారు. రెండు అంతస్తులు, నున్నటి మార్బుల్, హౌజ్ తీసేసి నల్లాల వరుస. మాషా అల్లాహ్, చూడముచ్చటగా ఉంది. జమాత్ పెరిగింది. మామూ మాత్రం ఇంట్లో కూర్చున్నారు. కొత్త ఇమారత్ కట్టినవాళ్ళు ఆయన తలలో ఉన్న పాత నక్షాను కూల్చేశారు, దాని బదులు ఇంకొకటి ఇవ్వలేదు. ఎవరి నియ్యత్‌లోనూ ఖరాబీ లేదు. ఎవరికీ ఆ ఖయాల్ రాలేదు, అంతే.

"ఫోన్ ఉంది కదా, అదే దారి చెబుతుంది కదా" అని కుర్రాళ్ళు అంటారు. రోడ్డు మీద నిజమే. ఫోన్‌కు దారి చెప్పేది ఆకాశంలోని ఉపగ్రహాల సిగ్నల్. కప్పు కిందికి, గోడల మధ్యకు వచ్చేసరికి ఆ సిగ్నల్ బలహీనపడుతుంది. ఉన్నది మొదటి అంతస్తా రెండోదా, కుడివైపు గదా ఎడమవైపు గదా అనేది దాన్ని నమ్మి చెప్పలేం. బిల్డింగ్ లోపల చిన్న చిన్న బ్లూటూత్ యంత్రాలు బిగించి దారి చెప్పించే పద్ధతులు ఉన్నాయి. వాటికి బ్యాటరీలు మార్చాలి, యాప్ ఉండాలి, చూసుకునే మనిషి ఉండాలి. పైగా ఫోన్ చెప్పేది ఒక్కొక్క మలుపే. "పది అడుగులు పో, కుడికి తిరుగు." చోటు మొత్తం ఎట్లా ఉందో అది చెప్పదు. కళ్ళున్నవాడు హాల్లోకి అడుగుపెట్టగానే ఒక్క నజర్‌తో అంతా చూసేస్తాడు. ఆ ఒక్క నజర్‌కు బదులు చేతికి ఇవ్వగలిగింది నక్షాయే. ఫోన్ ఉండనీ, కర్ర ఉండనీ, నక్షా కూడా ఉండాలి.

నక్షా చేయడంలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కన్ను మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది. వేలు ముక్క ముక్కగా చదివి తలలో అతికించుకుంటుంది. కంటికి నచ్చే నక్షాను అట్లాగే ఉబ్బెత్తుగా చేస్తే వేలికి అది చిక్కుపడ్డ దారపుండ. రెండు చుక్కలు సుమారు 2 మిల్లీమీటర్ల కన్నా దగ్గరైతే వేలికొసకు అవి ఒక్కటిగానే తగులుతాయి. అందుకే గీతకూ గీతకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలాలంటారు. గుర్తులు కొన్నే ఉండాలి, ఒకదానికొకటి పోలిక ఉండకూడదు. గోడకు గట్టి గీత, నడిచే దారికి చుక్కల గీత, మెట్లకు గరుకు. ఎక్కువ పెట్టాలన్న ఆశను చంపుకోవడమే ఇందులో హునర్.

ఈ పాఠం కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో చార్లెస్ బార్బియర్ అనే ఆయన చీకట్లో చదువుకునే చుక్కల రాత ఒకటి తయారుచేశాడు. ఆయనకు కళ్ళున్నాయి. ఒక్కో గుర్తుకు 12 చుక్కల దాకా పెట్టాడు. అది ఒక్క వేలికొస కింద ఇమడదు. పారిస్ అంధుల పాఠశాలలో చదువుతున్న లూయీ బ్రెయిలీ అనే కుర్రాడు, చిన్నప్పుడే చూపు పోయినవాడు, దాన్ని 6 చుక్కలకు తెచ్చాడు. 1824 నాటికి, అంటే పదిహేనేళ్ళ వయసుకే, ఆ రాతకు ఒక రూపం ఇచ్చాడు. 1829లో అచ్చువేశారు. ఇవాళ దునియా అంతా చదివేది ఆ 6 చుక్కలే. ఎవరి వేళ్ళు చదవాలో ఆ వేళ్ళే నిర్ణయించినందుకు అది నిలబడింది.

నక్షాల సంగతీ అంతే. అమెరికాలో జోష్ మీలీ అనే శాస్త్రవేత్త ఉన్నారు, నాలుగేళ్ళ వయసులో చూపు పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్ రైలు స్టేషన్లకు చేతి నక్షాలు చేయించారు. ఒక రకం పెన్ను ఆనిస్తే ఆ చోటు పేరేమిటో అది పలుకుతుంది. 2021లో ఆయనకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. మన దేశంలో ఐఐటీ ఢిల్లీ నుంచి పుట్టిన రెయిజ్డ్ లైన్స్ ఫౌండేషన్ పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలను ఉబ్బెత్తుగా చేసి పిల్లలకు అందిస్తోంది. పనికి మార్గాలు చాలా ఉన్నాయి. ఒక రకం కాగితం మీద నల్ల సిరాతో గీసి వేడి యంత్రంలోంచి పంపితే, నలుపు ఉన్నచోటే కాగితం ఉబ్బుతుంది. అచ్చు మీద వేడి ప్లాస్టిక్ షీటు పరచి గాలి లాగేస్తే ఆ అచ్చు రూపం షీటుకు వస్తుంది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లూ వచ్చాయి. అంటే హునర్ ఉంది, సామాను ఉంది. లేనిది ఫికర్.

ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కనుక ఒక సంగతి నాకు చాలా నచ్చింది. 1951లో మన దేశపు భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ అనే ఒకే పద్ధతి ఖాయం చేశారు. అందులో తెలుగు 'క'కూ, ఉర్దూ 'కాఫ్'కూ ఒకే చుక్కలు. 'మ'కూ 'మీమ్'కూ ఒకే చుక్కలు. కాగితం మీద కుడి నుంచి ఎడమకు పోయే ఉర్దూ, బ్రెయిలీలో ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. కళ్ళున్న మనం లిపుల పేరు మీద ఎన్ని తగాదాలు పడ్డామో! వేలికొస దగ్గర ఆ రెండు జబాన్‌లూ ఒకే దారిన పోతున్నాయి.

కానీ బ్రెయిలీ ఒక్కటే పెట్టి పని అయిపోయిందనుకుంటే మామూ లాంటివాళ్ళు బయటే ఉండిపోతారు. ముసలితనంలో చూపు పోయినవాళ్ళలో బ్రెయిలీ వచ్చినవాళ్ళు తక్కువ. వాళ్ళకు వేలితో పోల్చుకోగలిగే గుర్తులు కావాలి, ఒక బటన్ నొక్కితే పలికే గొంతు కావాలి. కొంత చూపు మిగిలినవాళ్ళకు పెద్ద అక్షరాలు, నలుపు మీద పసుపులాగా కొట్టొచ్చినట్టు కనిపించే రంగులు కావాలి. ఒకే పలక మీద ఇవన్నీ ఇమడ్చవచ్చు.

కొన్నిచోట్ల నేను చూసినవి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. చదునైన బోర్డు మీద బ్రెయిలీ చుక్కలు రంగుతో అచ్చువేసి పెట్టారు. వేలికి తగలని బ్రెయిలీ ఎవరికోసం? తనిఖీకి వచ్చే అఫ్సర్ కోసం. ఇంకోచోట మంచి నక్షానే ఉంది, దాని ముందు పూలకుండీ పెట్టారు. అసలు అక్కడ నక్షా ఉందన్న సంగతి చూపు లేనివాళ్ళకు ఎట్లా తెలియాలి? గేటు నుంచి దాని దాకా కాలికి తగిలే గీతల పలకలు పరవాలి. వాటిని 1965లో జపాన్‌లో సెయిచీ మియాకే తయారుచేశాడు, చూపు తగ్గిపోతున్న ఒక దోస్తు కోసం. పాదాలకు ఆ గీతలు, చేతులకు ఈ నక్షా - రెండూ కలిస్తేనే దారి.

ఇక కానూన్ మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 'పబ్లిక్ బిల్డింగ్' అంటే సర్కారీ ఇమారతులే అనలేదు. జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలను కూడా చేర్చింది. చదువు, వ్యాపారం, వైద్యం, వినోదంతో పాటు మజ్‌హబీ పనులకు వాడే భవనాలనూ పేరు పెట్టి చెప్పింది. అంటే మందిర్, మస్జిద్, చర్చి, షాదీఖానా అన్నీ వస్తాయి. పాత భవనాలను ఐదేళ్ళలో అందరికీ అనువుగా మార్చాలంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, ఐదేళ్ళు 2022లో నిండిపోయాయి. మీ ఊళ్ళో ఎన్ని భవనాలు మారాయో మీకు తెలుసు. రాజీవ్ రతూరీ అనే చూపు లేని పౌరుడు 2005లో వేసిన కేసులో, 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడింది. ఈ ప్రమాణాలు సలహాల్లాగా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాలని, మూడు నెలల్లో అట్లాంటి నియమాలు తేవాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ముందు దేశంలో పరిస్థితి ఎట్లా ఉందో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ పక్కన షామీర్‌పేటలో ఉన్న నల్సార్ యూనివర్సిటీవాళ్ళే. కాబట్టి కలెక్టరేట్‌లోనో, జిల్లా ఆస్పత్రిలోనో ఈ నక్షా కావాలని మనం అర్జీ పెడితే అది భీక్ అడగడం కాదు.

అయితే మస్జిద్ కమిటీకి కోర్టు గుర్తుచేయాల్సిన అవసరం ఉండకూడదు. అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ రజియల్లాహు అన్హు నాబీనా సహాబీ అని మన పిల్లలకు కూడా తెలుసు. ఆయన మదీనాలో ముఅజ్జిన్. ఫజర్ అజాన్ ఇవ్వాలంటే తెల్లారిందో లేదో ఆయనకు కనిపించదు. "తెల్లారింది" అని పక్కనున్నవాళ్ళు చెప్పేవారు, అజాన్ ఆయనే ఇచ్చేవారు. కళ్ళు లేవు కదా అని ఆ పని ఆయన దగ్గర్నుంచి లాక్కోలేదు. ఆయనకు తక్కువైన ఖబర్ ఒక్కటి అందించారు, మిగతాదంతా ఆయనకే వదిలారు. చేతి నక్షా చేసే పని కూడా అదే.

మామూ మనవడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. కొత్త మస్జిద్ నక్షా అట్టతో చేస్తానని కూర్చున్నాడు. ఫ్యాన్లు, ఖంబాలు, చెప్పుల స్టాండ్లు, అల్మారాలు అన్నీ పెట్టేశాడు. చెల్లి తడిమి, "ఇందులో నేను నడవలేను బేటా, చాలా మంది ఉన్నారు" అంది. సగం పీకించింది. చివరికి మిగిలినవి - గేటు, చెప్పులు విడిచే చోటు, నల్లాల వరుస, మెట్లు, హాలు, మెహ్రాబ్. గోడలకు నులక తాడు, నల్లాలకు శనగపప్పు బద్దలు, మెట్లకు గరుకు కాగితం, మెహ్రాబ్‌కు మఖ్మల్ ముక్క. అన్నీ ఫెవికాల్‌తో అతికించినవే. మామూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడిమారు. "అచ్ఛా, హౌజ్ తీసేసి ఇటు పెట్టారా" అన్నారు. ఇప్పుడు అసర్‌కు కర్ర పట్టుకుని తానే పోతున్నారు. ఫజర్‌కు ఇంకా మనవడు ఉండాలి, వీధి కుక్కల బాధ నక్షాతో తీరదు కదా.

మీ మస్జిద్‌లోనో మదర్సాలోనో షాదీఖానాలోనో ఈ పని మొదలుపెట్టాలంటే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. చూపు లేని మనిషిని మొదటి రోజే పిలవండి, అంతా అయ్యాక రిబ్బన్ కత్తిరించడానికి కాదు. ముందు అట్టతో చేసి చూడండి, సరిగ్గా కుదిరాక గట్టి పలక చేయించండి. కదిలే కుర్చీలు, బల్లలు అందులో పెట్టకండి. నక్షా ముందు నిలబడితే, నక్షాలో కుడివైపున్నది నిజంగా కుడిచేతివైపే ఉండాలి. "మీరు ఇక్కడ ఉన్నారు" అనే గుర్తు అన్నిటికన్నా స్పష్టంగా తగలాలి. ఒక చెయ్యి దాని మీద ఆనించి రెండో చేతితో దారి వెతుక్కుంటారు. నమాజ్ చదివే చోటైతే ఖిబ్లా వైపు ఒక బాణం గుర్తు పెట్టండి. నడుముకు కొంచెం పైన, వాలుగా బిగించండి, నిట్టనిలువు గోడకు కొడితే మణికట్టు నొప్పి పుడుతుంది. జనానా వైపు దానికి విడిగా ఒకటి పెట్టండి. ఆఖరి ఇమ్తిహాన్ ఇది: ఎప్పుడూ అక్కడికి రాని ఒక చూపు లేని మనిషికి నక్షా ఇచ్చి, బాత్రూం దాకా పోయి రమ్మనండి. మీరు నోరు విప్పకండి. దారి తప్పితే తప్పు ఆ మనిషిది కాదు, నక్షాది. మళ్ళీ చేయండి.

మనం దిల్ ఉన్నవాళ్ళమే. రోడ్డు దాటించడానికి పరుగెత్తి చెయ్యి అందిస్తాం. ఉర్దూలో చూపు లేని పెద్దమనిషిని ఇజ్జత్‌గా 'హాఫిజ్జీ' అని పిలిచే రివాజ్ కూడా ఉంది. ఆ పిలుపు మంచిదే. కానీ ఆ హాఫిజ్జీ మన షాదీఖానాకు వచ్చి, ఎవరినీ అడగకుండా చేతులు కడుక్కుని, దస్తర్‌ఖాన్ దగ్గరికి తానే నడిచి వచ్చి కూర్చోగలిగితే, ఆ ఇజ్జత్ మాట నుంచి పనికి వస్తుంది. వచ్చే జుమా నమాజ్ అయ్యాక మీ కమిటీ సదర్ సాబ్‌ను ఒక్క ప్రశ్న అడగండి: మన మొహల్లాలో చూపు లేనివాళ్ళు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఇవాళ మస్జిద్‌కు వచ్చింది ఎంతమంది? ఆ రెండు లెక్కల మధ్య ఎంత తేడా ఉందో, మన పని అంత మిగిలి ఉంది.